కట్టుబట్టలు మినహా

నిజాము ప్రభుత్వపు దినములలో కరీంనగరము కచ్చేరీలయందు రుసుము చెల్లింపలేని బీదవాని దావాకు వకీళ్లు వాడిన మాట ‘బసీగా-ఎ-ముఫ్లిసీ’ అనునది. అరబ్బీలో ఫల్సు అనగా రాగినాణెము; వెండి యంతయు హరించి రాగి మాత్రము మిగిలినవాడు ముఫ్లిసు అని ఆ భాషాపండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. పిదప ఆంగ్లస్మృతితో కూడ ‘పాపరు’ అను మాట వచ్చి, పాపరు దావా, పాపరు అప్పీలు అని పల్లెవారి నోళ్లలో సైతము నిలిచిపోయినది. 1976 తరువాత చట్టము ఆ మాటను తొలగించి నిర్ధనుడు అను అర్థముగల వేఱొక మాటను చేర్చుకొన్నది. ఈ మూడు మాటలును చెప్పునది ఒక్క మనుష్యునే: తనకు న్యాయము కావలెనని రాజద్వారమునకు వచ్చి, ద్వారమువద్ద అడిగిన సొమ్ము తనవద్ద లేదని చేతులు చూపినవానిని. అతని మాటను రాజ్యము ఎప్పుడు, ఎంతవఱకు నమ్మినదో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఈ చరిత్రను నేను చూచుచోటు హుస్నాబాదు. అది తానున్నచోటనుండి కదలకయే ఎలగందుల జిల్లాలో ఉండి, 1905లో ఆ జిల్లా పేరు మాఱినప్పుడు కరీంనగరము జిల్లాలోనిదై, 2016 అక్టోబరు మాసమున సిద్దిపేట జిల్లాలో చేరినది. చెఱువులను, బావులను, వానను నమ్ముకొన్న మెట్టప్రాంత మది. ఇట్టిచోట దావా యనగా సాధారణముగా భూమిపై దావా, అప్పుపై దావా, మనువర్తికై దావా. మూడింటను రుసుము లేనివాడే తఱచుగా న్యాయము కోరువాడు.

పూర్వము రాజు న్యాయమునకు సొమ్ము తీసికొనలేదని కొందఱు వ్రాయుదురు. అది పూర్తిగా నిజము కాదు. తీసికొనెను, కాని తీర్పునకు పిమ్మట. కౌటిల్యుని అర్థశాస్త్రమున వ్యవహారములో మాట తప్పి ఓడినవానిపై అయిదవవంతు, తానే తప్పు ఒప్పుకొన్నవానిపై పదియవవంతు దండము విధింపబడినది. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారము, ఋణము ఋజువైనచో ఋణస్థుడు నూటికి పదియును, సొమ్ము చేతికందిన పిమ్మట ఋణదాత నూటికి అయిదును రాజునకు చెల్లింపవలెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను ఆధారము చేసికొని పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయము’ రచించెను. కనుక ఈ ధర్మము తెనుగువారికి సంస్కృతము చాటున దాగియున్నది కాదు, పద్యములలో చదువుకొన్నదే. ఇందు గమనింపవలసినది ‘చేతికందిన పిమ్మట’ అను నియమము. సొమ్ము రాకముందే సొమ్ము అడుగుట ఆ ధర్మమునకు తోచలేదు.

రుసుమును తీర్పుచివరనుండి దావామొదటికి జరిపినది ఈస్టిండియా కంపెనీ. కారన్‌వాలిసు 1793లో వంగదేశమున దావా వేయుటకు రుసుము లేకుండ చేసెను. రెండేండ్లు తిరుగకముందే, 1795 నాటి ముప్పదియెనిమిదవ రెగ్యులేషను దానిని మరల నిలిపెను. కారణము ఆదాయము మాత్రమే కాదు. దావాలు పెరిగిపోవుచున్నవి, నిరాధారమైన వ్యాజ్యములను అరికట్టవలెను, రుసుము పెట్టినచో తగవులమారులు తగ్గుదురు అని. ఈ వాదమును మెకాలే 1830ల దశకమున గవర్నరు జనరలు మండలిలో ఉండగా తీవ్రముగా ఖండించెను. రుసుము అబద్ధపు దావాను నిజమైన దావానుండి వేఱుచేయలేదు. ధనవంతుని దావాను బీదవాని దావానుండి మాత్రమే వేఱుచేయును. ఇంత సులభముగా తెలియు సంగతి చట్టమునకు తెలియుటకు ఎంతకాలము పట్టినదో తలచినపుడు మనసు కలుక్కుమనును. 1870లో కోర్టు రుసుముల చట్టము బ్రిటిషు ఇండియాకంతకు వచ్చి, వ్యాజ్యపు విలువనుబట్టి రుసుము పెరుగు పద్ధతిని స్థిరపఱచెను.

హైదరాబాదు సంస్థానము ఈ మార్గమునే తనదైన భాషలో నడచెను. మొదటి సాలార్‌జంగు 1865లో జిలాబందీ చేసి జిల్లాలను, తాలూకాలను ఏర్పఱచిన తరువాత కచ్చేరీలు ప్రజలకు దగ్గఱకు వచ్చినవి. కాని వానిలోని భాష మొదట పారసీ, 1880ల దశకమునుండి ఉర్దూ. 1324 ఫసలీలో, అనగా 1914-15 ప్రాంతమున, సంస్థానమునకు స్వంత కోర్టు రుసుముల చట్టము వచ్చినది. అచ్చట దాని పేరు రుసూమె అదాలతు. రుసూము అనునది రస్ముకు బహువచనము, రస్మనగా ఆచారము. ఆచారముగా ఇయ్యవలసినదే రుసుము. ఈ మాట కరీంనగరపు రైతునకు కొత్తది కాదు. పూర్వము శిస్తు వసూలుచేసిన దేశముఖులను, దేశపాండ్యాలను సాలార్‌జంగు ఆ పనినుండి తప్పించి, దానికి బదులుగా వారికిచ్చిన భరణమునకును రుసుమనియే పేరు. కావున దేశముఖుతో భూమి తగవు వచ్చిన కాపువానికి ఎదుటివాడు పొందునదియు రుసుమే, తాను కట్టవలసినదియు రుసుమే.

ఆనాటి దావా ఎట్టిదో ఊహింపుడు. హుస్నాబాదు పరిసరములనుండి ఎడ్లబండిపైననో కాలినడకనో పట్టణము చేరవలెను. అర్జీదావా ఉర్దూలో వ్రాయించవలెను. దానికి వ్రాతకూలి, వకాలత్‌నామాకు స్టాంపు, వకీలునకు ఫీజు, సమన్ల తామీలునకు బత్తా, పేషీ పేషీకి తిండి ఖర్చు. వీనియన్నిటికంటె ముందు, దావా విలువనుబట్టి రుసుము. తన నోట తాను చెప్పుకొన్న కథ ఉర్దూలోనికి పోయి ఏ రూపము దాల్చినదో అతనికి తెలియదు. వ్రేలిముద్ర వేయుట మాత్రము తెలియును. భాష తెలియకపోవుట కూడ ఒక రుసుమే యని నేను చెప్పుదును, ఏలయన దానికి వెల వేఱొకరికి చెల్లింపవలసివచ్చెను.

ఈ భాషావేదన ఊరక పోలేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ రంగశాలలో కర్వే మహాశయుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార మహాసభలో అల్లంపల్లి వేంకటరామారావు అను వకీలు తెలుగున మాటలాడబోగా కొందఱు గేలిచేసి ఆపిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. దానిని నడిపిన మాడపాటి హనుమంతరావు తాను వకీలు. ఆ సంఘమునుండి ఎదిగిన ఆంధ్రమహాసభ 1935లో కరీంనగరము జిల్లాలోని సిరిసిల్లలో ఆయన అధ్యక్షతన కూడెను. ఆ తరమువారిలో పలువురు వకీళ్లగుట యాదృచ్ఛికము కాదు. కచ్చేరీ గుమ్మమువద్ద నిలిచి లోనికి పోలేని రైతులను ప్రతిదినము చూచినవారు వారే.

ఇంక ముఫ్లిసీ నియమమునకు వత్తము. దాని బీజము ఇంగ్లండుది. 1495లో ఏడవ హెన్రీ కాలమున బీదలు రుసుము లేకుండ దావా వేయవచ్చునను శాసనము వచ్చినది. పిమ్మట తనకు అయిదు పౌనుల సొత్తైనను లేదని ప్రమాణము చేసినవానికే ఆ మేలు దక్కు నాచార మేర్పడినది. అది సముద్రము దాటి, 1859 నాటి సివిల్ ప్రొసీజరు స్మృతిలో చేరి, 1908 నాటి స్మృతిలో ముప్పదిమూడవ ఆర్డరుగా స్థిరపడినది, అప్పీళ్లకు నలుబదినాలుగవది. బ్రిటిషు ఇండియా స్మృతిని అనుసరించి హైదరాబాదు ప్రభుత్వము 1323 ఫసలీలో తన స్మృతిని తయారుచేసికొన్నది. 1951 ఏప్రిలు 1వ తేదీనుండి 1908 స్మృతియే తెలంగాణమునకు వర్తించినది.

1908 స్మృతి యందు పాపరు అనబడుటకు లక్షణము ఇది: రుసుము కట్టుటకు చాలినంత సాధనసంపత్తి లేనివాడు, లేదా రుసుము నిర్ణయింపబడని దావా అయినచో, తప్పనిసరియైన కట్టుబట్టలను, వ్యాజ్యమునకు విషయమైన ఆస్తిని మినహాయించి, నూఱు రూపాయల విలువగల ఆస్తి లేనివాడు. కట్టుబట్టలు మినహా! చట్టము దయతో విడిచిన మినహాయింపు అంతమాత్రమే. దరఖాస్తుదారు తన ఆస్తుల పట్టికను, ఒక్కొక్కదాని విలువను వ్రాసి, సత్యమని సంతకము చేసి, స్వయముగా న్యాయాధిపతికి సమర్పింపవలెను. దరఖాస్తునకు రెండుమాసముల లోపల ఏ ఆస్తినైనను మోసముతోనో, పాపరగుటకొఱకో అమ్మినచో త్రోసివేయుదురు. వ్యాజ్యములోని సొత్తులో వేఱొకనికి భాగమిత్తునని ఒప్పుకొన్నను త్రోసివేయుదురు. ఆపైన ప్రతివాదికిని, ప్రభుత్వపు ప్లీడరుకును పది దినములకు తక్కువగాని నోటీసులిచ్చి, సాక్ష్యము పుచ్చుకొని, ఇతడు నిజముగా బీదవాడా కాడా యని విచారణ చేయుదురు.

ఇచ్చట కొంత నిలువవలసియున్నది. బీదవాని మొదటి వ్యాజ్యము అతని భూమిని గుఱించి కాదు, అతని బీదతనమును గుఱించి. అందు ప్రతివాదులు ఇద్దఱు: ఒకడు అతని పగవాడు, రెండవది ప్రభుత్వము. ప్రభుత్వపు ప్లీడరునకు ఆ మనుష్యుని సంగతి తెలియదు. కలెక్టరు కచ్చేరీనుండి తెలియవలెను, కలెక్టరునకు తహసీలుదారువలన, తహసీలుదారునకు ఊరి పట్వారీవలన. తెలంగాణములో పటేలు పట్వారీల వ్యవస్థ 1984లో రద్దగువఱకు ఊరిలోని భూమి కాగితము ఆ ఇంటి పెట్టెలోనిదే. కౌలుదారు దేశముఖుపై దావా తెచ్చినచో, అతని బీదతనమునకు సాక్ష్యము దేశముఖుతో ఒకే చావడిలో కూర్చుండువానినుండి రావలెను. పేరున నాలుగు కుంటల బీడున్నదని ఒక్క పంక్తి వ్రాసిన చాలును, ఎన్నేండ్లనుండి బీడో వ్రాయనక్కఱలేదు. ఎదుటివాడు లేచి, ఇతనికి రెండెడ్లున్నవి, భార్యకు మెడలో బంగారమున్నది అనును. ఎడ్లు అమ్మి రుసుము కట్టుము అని చట్టమే చెప్పినట్లగును. ఎడ్లు అమ్మినవాడు దావా గెలిచిన తరువాత దుక్కి దేనితో దున్నవలెనో చట్టము చెప్పదు.

ఇట్లు విచారణలో గెలిచినను దొరకునది మాఫీ కాదు. ఈ సంగతి పలువు రెఱుగరు. దావా గెలిచినచో, చెల్లింపబడియుండవలసిన రుసుమును న్యాయస్థానము లెక్కగట్టును. అది ఎవరు కట్టవలెనని డిక్రీలో వ్రాయబడునో వారినుండి ప్రభుత్వము వసూలుచేయును, వ్యాజ్యవిషయమైన ఆస్తిమీద అది మొట్టమొదటి భారమగును. ఓడినచో బీదవాడే కట్టవలెను. డిక్రీ ప్రతి కలెక్టరునకు పోవును. కావున దీనిని దయాదానమనుట సరికాదు, గడువు అనవలెను. యాజ్ఞవల్క్యుడు అందఱికిని ఇచ్చిన గడువును ఈ స్మృతి, విచారణ చేసిన పిమ్మట, బీదలకు మాత్రమే ఇచ్చినది.

ఈ ద్వారమువలన లోనికి పోలేనివారు వేఱొక మార్గము వెదకుట చరిత్రలో కనబడుచున్నది. తెలంగాణ సాయుధపోరాటపు దినములలో అనభేరి ప్రభాకరరావు దళము కరీంనగరము పల్లెలలో తిరిగి పటేలు పట్వారీల యిండ్లలోని దస్తావేజులను తీసి తగులబెట్టెను. 1948 మార్చి 14న హుస్నాబాదునకు చేరువనున్న మహమ్మదాపురపు గుట్టలలో ప్రభాకరరావు సహచరులతో కూడ ప్రాణము విడిచెను. కాగితములను ఎందుకు కాల్చిరి? ఆ కాగితములపై వాదించుటకు తమకు స్తోమతు లేదని, అవి ఉన్నంతకాలము ఓటమి తమదేయని పల్లెవారు ఎఱిగియుండిరి. ఆ మంటలకు హేతువులు అనేకములు. రుసుము కట్టలేని కచ్చేరీ వానిలో ఒకటియని నా దృఢాభిప్రాయము.

ఉత్తరమున ఆదిలాబాదు అడవులలో సంగతి మఱింత కఠినము. అచ్చటి గోండులకు భాష వేఱు, కాగితము పరాయిది. 1940లో జోడేఘాటులో గోండుల నాయకుడు కొమరం భీము మరణించిన తరువాత హైమెండార్ఫు పండితుని పరిశోధనలను ప్రభుత్వము ఆలకించి, సాధారణ న్యాయస్థానముల త్రోవకు వెలుపల గిరిజనుల తగవులు తీర్చు నియమములను చేసినది. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చి, రక్షిత కౌలుదారు తన హక్కుకై తహసీలుదారువద్దకే దరఖాస్తుతో పోవుటకు వీలు కలిగించెను. ఈ రెండును చెప్పునది ఒక్కటే: పెద్ద కచ్చేరీ రుసుమును తగ్గించుటకంటె ఆ కచ్చేరీని తప్పించుటయే ప్రభుత్వమునకు సులభముగా తోచినది. ఆంధ్రప్రదేశమున 1956 నాటి కోర్టు రుసుముల, దావాల విలువ నిర్ణయపు చట్టము కాలక్రమమున తెలంగాణమునకు వచ్చి ఫసలీ చట్టమును తొలగించినది. విలువనుబట్టి రుసుము అను మూలసూత్రము మాత్రము చెక్కుచెదరలేదు. హుస్నాబాదునకు పొరుగుననే యున్న వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1962 మొదలు 1967 వఱకు రాష్ట్రమునకు న్యాయశాఖామంత్రిగా ఉండెను. ఆనాడును ఆర్డరు ముప్పదిమూడులో కట్టుబట్టలే మినహాయింపు.

అసలైన మార్పు 1976 సవరణతో వచ్చినది. నూఱు రూపాయలు వేయి అయినవి. అది అంత ముఖ్యము కాదు. ముఖ్యమైనది వేఱొకటి: డిక్రీ అమలులో జప్తుచేయరాని ఆస్తిని లెక్కలోనికి తీసికొనరాదని చేర్చిరి. అదే స్మృతిలో అఱువదవ సెక్షను జప్తునకు పనికిరానివానిని చెప్పుచున్నది. వంటపాత్రలు, పక్కబట్టలు, ఆచారముననుసరించి స్త్రీ తననుండి వేఱుచేయరాని ఆభరణములు, అనగా మన ప్రాంతమున పుస్తెలు, మెట్టెలు, పనివాని పనిముట్లు, రైతు బ్రతుకునకు అవసరమని న్యాయస్థానము తలచినమేరకు నాగలి, ఎడ్లు, విత్తనపుగింజలు, రైతు నివసించు ఇల్లు. ఒక్క వాక్యముతో హుస్నాబాదు రైతుయొక్క ఎడ్ల జత, సిరిసిల్ల నేతగాని మగ్గము, తాటిచెట్టెక్కు గౌడుని మోకు, కుమ్మరి సారె బీదతనమునకు అడ్డురాకుండ పోయినవి. విత్తనపుగింజలున్నవాడు ధనవంతుడు కాడని చట్టము ఒప్పుకొనుటకు 1859నుండి నూటపదునేడేండ్లు పట్టినది. ఇదియే ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. అప్పుడే మఱి రెండు మేళ్లు జరిగినవి: విచారణను మొదట న్యాయస్థానపు శిరస్తాదారే చేయవచ్చును, న్యాయవాది లేని నిర్ధనునకు న్యాయస్థానమే న్యాయవాదిని ఈయవచ్చును. ఆ యేడే నలుబదిరెండవ సవరణతో రాజ్యాంగమున 39ఎ అధికరణము చేరి, దారిద్ర్యమువలన ఎవ్వనికిని న్యాయము దూరము కారాదని, ఉచిత న్యాయసహాయము రాజ్యధర్మమని పలికెను.

చట్టము మాఱినను ప్రభుత్వపు మనసు వెంటనే మాఱలేదు. హర్యానా రాష్ట్రపు రవాణా బస్సువలన ఇంటి యజమాని మరణింపగా, అతని భార్యయు కుమార్తెయు నష్టపరిహారము కోరి, రుసుము కట్టలేమని వేడుకొనిరి. మోటారు ప్రమాదముల ట్రిబ్యునలునకు ఆర్డరు ముప్పదిమూడు వర్తింపదని ఆ రాష్ట్రము సుప్రీంకోర్టువఱకు పోయి వాదించెను. 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యరు ఆ విన్నపమును త్రోసివేసి, బీదలపై ఇట్టి వాదము చేసినందుకు రాష్ట్రమును మందలించెను. 2001లో సుప్రీంకోర్టు కంపెనీ కూడ నిర్ధనవ్యక్తిగా దావా వేయవచ్చునని తీర్పుచెప్పెను. వ్యక్తి యను మాటకు చట్టమున అంత విస్తృతి ఉన్నది. తీర్పు శాస్త్రసమ్మతమే కావచ్చును. కాని కట్టుబట్టలు తప్ప ఏమియు లేనివానికై పుట్టిన నియమము బట్టలే అక్కఱలేని దానికి కూడ ఆశ్రయమైనదని చదివినపుడు, నాకు పల్లెకచ్చేరీ అరుగుపై కూర్చున్న ముసలివాడే తలపునకు వచ్చెను.

నిజమైన మాఫీ న్యాయసేవాధికార సంస్థల చట్టముతో వచ్చినది. 1987లో చేయబడి 1995 నవంబరు 9నుండి అమలైన ఈ చట్టము, స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అంగవైకల్యము కలవారికి, కారాగారములో ఉన్నవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసహాయము ఇచ్చుచున్నది. ఇతరులకు ఆదాయపరిమితి కలదు. న్యాయవాది ఫీజే కాక కోర్టు రుసుము, సమన్ల ఖర్చు కూడ సంస్థయే భరించును. లోక్ అదాలతులో రాజీపడినచో, ముందు కట్టిన రుసుము తిరిగి వచ్చును. వీనియన్నిటికంటె విలువైనది పదమూడవ సెక్షనులోని ఒక చిన్న నియమము: ఆదాయమును గుఱించి దరఖాస్తుదారు ప్రమాణపత్రము ఇచ్చినచో, నమ్మకుండుటకు కారణము లేనంతవఱకు, అది చాలును. పట్వారీ రిపోర్టు లేదు, ప్రతివాదికి నోటీసు లేదు, ఎడ్ల లెక్క లేదు. తాను బీదవాడనని మనుష్యుడు చెప్పిన మాటను రాజ్యము మొదటిసారి మాటగా స్వీకరించినది.

నేడు హుస్నాబాదులోనే జూనియర్ సివిల్ జడ్జి న్యాయస్థానమున్నది. దావాకు కరీంనగరము పోవలసిన దినములు గడచినవి. గౌరవెల్లి జలాశయమునకు భూములిచ్చిన ప్రాంతమది; భూమి పోయినవారు, పరిహారము చాలలేదనువారు, పాలివారితో భాగములు తేలనివారు, మనువర్తి రాని స్త్రీలు ఆ మెట్లెక్కుచున్నారు. వారిలో పలువురు ఇప్పటికిని రుసుమునకై వడ్డీకి తెచ్చుకొనుచున్నారు, తమకు అక్కఱలేని రుసుమునకై. ఈ పంక్తులు చదువుచున్నవారు అట్టివా రెవరినైన ఎఱిగినచో, అప్పు చేయుటకు ముందే వారిని మండల న్యాయసేవల కమిటీకిగాని, సిద్దిపేటలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకుగాని పంపుడు. దరఖాస్తు తెల్లకాగితముపై తెలుగులో వ్రాయవచ్చును. వ్రాయనేరనివారు నోటితో చెప్పినను చాలును. వ్రాసికొనుట అచ్చటివారి పని.